ఫస్ట్ పాస్‌పోర్ట్: టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఏది రాయాలి? (వైజాగ్)

పార్వతీపురం_పిల్ల
బీటెక్ ఫైనల్ ఇయర్. మధురవాడలో హాస్టల్‌లో ఉంటున్నాను. మా ఇంట్లో ఎవరికీ పాస్‌పోర్ట్ లేదు, నాదే మొదటిది. నిన్న రాత్రి సైట్‌లో ఫారం తెరిచి మొదటి పేజీలోనే ఆగిపోయాను. గివెన్ నేమ్ అని ఒక గడి, సర్‌నేమ్ అని ఇంకో గడి. టెన్త్ మెమోలో నా పేరు (ఇది అసలు పేరు కాదు, ఉదాహరణకి చెప్తున్నా) జి. సత్యవతి. ఆధార్‌లో గేదెల సత్యవతి. పాన్‌లో సత్యవతి గేదెల. ముగ్గురూ నేనే! నాన్న పేరు కూడా ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి ఉంది.

హాస్టల్ దగ్గర నెట్ సెంటర్‌లో అడిగితే నాలుగు వేలు ఇస్తే అంతా వాళ్లే చూసుకుంటారట. దేనికి నాలుగు వేలు అంటే చెప్పరు. ఆధార్‌లో అడ్రస్ పార్వతీపురం దగ్గర మా ఊరిది. పోలీసులు ఎక్కడికి వస్తారు, ఊరికా హాస్టల్‌కా? కాలేజీ ప్లేస్‌మెంట్ వాళ్లు పాస్‌పోర్ట్ నంబర్ అడుగుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

ఉప్పుగాలి
నాలుగు వేలు మాట మర్చిపో. 36 పేజీల పుస్తకానికి ప్రభుత్వ ఫీజు 1,500. 60 పేజీలది 2,000. మిగతాది ఆయన టైపింగ్ కూలి. ఫారం నీ ఫోన్‌లోనే నింపొచ్చు, ఎంపాస్‌పోర్ట్ సేవా యాప్ ఉంది.

డెక్‌క్యాడెట్_వైజాగ్
గూగుల్‌లో కొడితే పైన వచ్చే మొదటి సైట్ తెరవొద్దు. అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే ఉంటాయి, డబ్బులు లాగేస్తాయి. అసలుది పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ లేకపోతే మూసెయ్యండి.

స్టీల్‌సిటీ_77
ఇంటిపేరుతో ఇంత గోల ఎందుకమ్మా? సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి పేరు మొత్తం గివెన్ నేమ్‌లో రాసెయ్. ఫారం ఒప్పుకుంటుంది. మా బావమరిది అలాగే రాశాడు, పాస్‌పోర్ట్ వచ్చింది.

సోంపేట_టు_దుబాయ్
స్టీల్‌సిటీ గారూ, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. పాస్‌పోర్ట్ వస్తుంది, కాదనను. గొడవ తర్వాత మొదలవుతుంది. 2022 నవంబర్‌లో యూఏఈ వాళ్లు ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌లకి విజిట్ వీసా మీద ఆంక్షలు పెట్టారు. రెండో గడి ఖాళీగా ఉండి టికెట్, వీసా డబ్బులు పోగొట్టుకున్న మా వైపు కుర్రాళ్లు నాకు తెలుసు. అమెరికా వీసాలో అయితే పేరు మొత్తాన్ని సర్‌నేమ్ చేసి, ముందు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (ముందు పేరు తెలీదు అని) కొడతారు. అక్కడ డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంకు ఖాతా అన్నింటికీ ఆ మూడు అక్షరాలు వెంటపడతాయి. చెల్లీ, రెండు గళ్లూ నింపు. సర్‌నేమ్ గేదెల, గివెన్ నేమ్ సత్యవతి. అంతే.

స్టీల్‌సిటీ_77
యూఏఈ సంగతి నిజంగా తెలీదు. మా బావమరిదికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను.

రిటైర్డ్_హెచ్చెమ్
నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పనిచేశాను. పదో తరగతి నామినల్ రోల్స్ పంపేటప్పుడు పిల్లల పేర్లు ఎలా రాస్తారో నాకు తెలుసు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మనవైపు పిల్లాడు బడిలో చేరిన రోజు ఇంటిపేరు పొడి అక్షరంతో రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. ఆ పొడి అక్షరమే పదేళ్లు నడిచి మెమో మీదికి వస్తుంది. పాస్‌పోర్ట్‌లో పొడి అక్షరాలు పనికిరావు, పూర్తిగా విడమరిచి రాయాలి. అమ్మాయి ఆధార్‌లో, పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, మెమోలో అదే అక్షరం ఉంది. ఇది పేరు మార్పు కాదు, విడమరచడం మాత్రమే. కాబట్టి 'ఎప్పుడైనా పేరు మార్చుకున్నారా', 'వేరే పేర్లతో పిలుస్తారా' అనే ప్రశ్నలకు లేదు అనే పెట్టాలి. అవును అని పెడితే లేనిపోని కాగితాలు అడుగుతారు.

అసలు అక్షరాలే వేరుగా ఉంటే, ఒకచోట సత్యవతి ఇంకోచోట సత్యవేణి అని ఉంటే, అప్పుడు ముందు కాగితం సరిచేసుకోవాలి. మెమో సరిచేయాలంటే మీరు చదివిన బడి ప్రధానోపాధ్యాయుడి ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు వెళ్లాలి, అది నెమ్మదిగా సాగే పని. ఆధార్ సరిచేయడం తేలిక. కానీ ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు మాత్రమే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. తొందరపడి ఇష్టమొచ్చినట్టు మార్చవద్దు. మెమో ఎలా ఉంటే ఆధార్‌ను అలా చేసుకోవడమే మంచిది. తండ్రి పేరు కలిపి రాసినా విడదీసి రాసినా పెద్ద చిక్కు రాదు, అయితే ఫారంలో ఒకే పద్ధతి పాటించాలి.

పార్వతీపురం_పిల్ల
మాస్టారూ, చాలా థాంక్స్. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

గాజువాక_గృహిణి
మాస్టారి మాటకి ఒకటి కలుపుతా. పెళ్లయినవాళ్లు ఉంటారు కదా ఇక్కడ. నా మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. పెళ్లయింది కాబట్టి మార్చి తీరాలి అని అందరూ భయపెట్టారు. అవసరం లేదు. పుట్టింటి ఇంటిపేరుతోనే తీసుకోవచ్చు. మ్యారేజ్ సర్టిఫికెట్ తప్పనిసరి అనే నిబంధన కూడా 2016 డిసెంబర్‌లోనే తీసేశారు. అప్పటినుంచే తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇచ్చినా చాలు. ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న అక్కచెల్లెళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

అరిలోవ_అబ్బాయి
గృహిణి అక్కా, మరి ఆధార్‌లో అత్తింటిది, మెమోలో పుట్టింటిది ఉంటే కౌంటర్‌లో ఆపలేదా?

గాజువాక_గృహిణి
ఆధార్‌ని ముందే మెమోకి సరిపడా మార్పించి వెళ్లాను తమ్ముడూ. రెండూ ఒకటే ఉన్నాయి, ఏ ప్రశ్నా రాలేదు.

సింహాద్రి_నాన్న
పేరు తేలింది. అడ్రస్ సంగతి ఎవరూ చెప్పలేదు. అమ్మా, ఊరి అడ్రస్ పెట్టుకో. ఆధార్ అక్కడిదే, అమ్మానాన్న అక్కడే, చుట్టుపక్కల అందరికీ తెలిసినవాళ్లే. పోలీసులు వస్తే పది నిమిషాల పని. హాస్టల్ అడ్రస్ పెడితే వార్డెన్ సంతకం, కాలేజీ లెటర్, అన్నీ తలనొప్పి.

ఉప్పుగాలి
ఇక్కడ నేను ఒప్పుకోను. ఫారంలో అడిగేది ఇప్పుడు ఉంటున్న అడ్రస్. చదువు కోసం నాలుగేళ్లుగా వైజాగ్‌లో ఉంటే అదే రాయాలి. ఊరికి పోలీసులు వెళ్లినప్పుడు అమ్మాయి అక్కడ లేదు, వైజాగ్‌లో ఉంటోంది అని పక్కింటివాళ్లు నిజమే చెప్తారు. అప్పుడు ఆ అడ్రస్‌లో నివాసం లేదు అని రిపోర్ట్ వెళ్తుంది, ఫైలు ఆగుతుంది. మా కజిన్‌కి సరిగ్గా ఇదే జరిగింది.

సింహాద్రి_నాన్న
సెలవులకి వెళ్లి అక్కడ ఉండగా అప్లై చేస్తే ఆ సమస్య ఎందుకొస్తుంది?

ఉప్పుగాలి
ప్లేస్‌మెంట్ వాళ్లు ఇప్పుడే అడుగుతున్నారు అంటోంది. సెలవులదాకా ఎలా ఆగుతుంది?

డెక్‌క్యాడెట్_వైజాగ్
ఇద్దరూ ఒక విషయం కలిపేస్తున్నారు. ఏ అడ్రస్ రాయాలి అన్నది ఒకటి, ఏ ఊళ్లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి అన్నది ఇంకొకటి. 2018 జూన్ నుంచి దేశంలో ఎక్కడి కేంద్రంలోనైనా అప్లై చేయొచ్చు. ఊరి అడ్రస్ పెట్టినా వైజాగ్‌లోనే హాజరు కావచ్చు. కానీ పోలీసులు వెళ్లేదీ, పాస్‌పోర్ట్ స్పీడ్ పోస్ట్‌లో వెళ్లేదీ ఫారంలో రాసిన అడ్రస్‌కే. విజయనగరం, శ్రీకాకుళం పోస్టాఫీసుల్లో కూడా సేవా కేంద్రాలున్నాయి. వైజాగ్‌లో స్లాట్ దొరక్కపోతే అవీ చూడండి.

హాస్టల్ అడ్రస్ పెట్టాలంటే: కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ లేదా రిజిస్ట్రార్ సంతకంతో బోనఫైడ్, అందులో హాస్టల్ అడ్రస్ పూర్తిగా ఉండాలి. దాంతోపాటు ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ ఈ అడ్రస్‌కి మార్పించుకో. నేను ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నప్పుడు ఈ దారిలోనే తీసుకున్నాను. సీడీసీకి (ఓడలో పనిచేసేవాళ్లకి ఇచ్చే పుస్తకం) పాస్‌పోర్ట్ లేకుండా కుదరదు కాబట్టి మా బ్యాచ్ అంతా ఇదే చేశాం.

పార్వతీపురం_పిల్ల
బోనఫైడ్ కాలేజీలో ఇస్తారు, అది ఈజీ. ఇంకో డౌట్. నేను పుట్టింది పార్వతీపురంలో. అప్పుడు విజయనగరం జిల్లా. ఇప్పుడు పార్వతీపురం మన్యం. పుట్టిన చోటు దగ్గర ఏ జిల్లా పెట్టాలి?

రిటైర్డ్_హెచ్చెమ్
2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పటి నుంచి ఈ ప్రశ్న నర్సీపట్నం, అనకాపల్లి, పాడేరు పిల్లలందరిదీ. దిగులు పడకమ్మా. పుస్తకంలో ముద్రించేది ఊరు, రాష్ట్రం మాత్రమే. జిల్లా పడదు.

ఉప్పుగాలి
పుట్టిన చోటుకి సరే. ఉంటున్న అడ్రస్ దగ్గర మాత్రం జాగ్రత్త. పోలీస్ స్టేషన్ ఎంచుకోమంటుంది. ఆ స్టేషన్ లిస్ట్‌లో ఏ జిల్లా కింద ఉంటే ఆ జిల్లానే పెట్టాలి, ఫైలు దాన్ని బట్టే వెళ్తుంది. మధురవాడ అని స్టేషన్ వెతకొద్దు, మీ వైపు పీఎం పాలెం స్టేషన్. అయినా హాస్టల్ వార్డెన్‌ని ఒకసారి అడుగు, ఒక వీధి అటూ ఇటూ అయినా స్టేషన్ మారిపోతుంది.

అరిలోవ_అబ్బాయి
పోలీసులకి ఎంత ఇవ్వాలి? మా ఫ్రెండ్స్ అందరూ ఐదొందలు, వెయ్యి అంటున్నారు.

స్టీల్‌సిటీ_77
ఏమీ ఇవ్వక్కర్లేదు. వెరిఫికేషన్‌కి వేరే ఫీజు లేదు.

సోంపేట_టు_దుబాయ్
రూల్ అదే. కానీ అడిగేవాళ్లు ఉన్నారు. మా తమ్ముడిని టీ ఖర్చులు అని అడిగారు, ఏ స్టేషనో చెప్పను. వాడు 'సార్, రసీదు ఇస్తారా' అన్నాడు, అంతే, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. రిపోర్ట్ బాగానే వెళ్లింది.

గాజువాక_గృహిణి
మా ఇంటికి వచ్చినాయన చాలా మర్యాదగా మాట్లాడారు. ట్యాబ్‌లో వివరాలు చూసుకున్నారు, మా మేడ మీద అద్దెకుండేవాళ్లనీ పక్కింటి పెద్దాయన్నీ ఇద్దర్ని అడిగారు, ఒరిజినల్స్ చూశారు. మజ్జిగ ఇస్తే తాగి వెళ్లారు. అందరినీ ఒకే గాటన కట్టొద్దు. అబ్బాయ్, భయంతో నువ్వే ముందు జేబులో చెయ్యి పెట్టకు. అలా ఇచ్చేవాళ్ల వల్లే అలవాటు పడతారు.

అరిలోవ_అబ్బాయి
సరే అక్కా. అసలు నా భయం వేరే. కాలేజీలో రెండేళ్ల కింద గొడవ అయింది, నా పేరు కూడా కేసులో రాశారు. ఇంకా కోర్టులో నడుస్తోంది. ఫారంలో కేసులున్నాయా అని అడుగుతోంది. లేదు అని పెడితే తెలుస్తుందా?

ఉప్పుగాలి
తెలుస్తుంది. పోలీస్ వెరిఫికేషన్ ఉన్నదే దానికోసం.

రిటైర్డ్_హెచ్చెమ్
బాబూ, లేదు అని మాత్రం రాయకు. సమాచారం దాస్తే పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం అది వేరే నేరమవుతుంది, ఇప్పుడున్న చిన్న కేసుకి పెద్ద కేసు తోడవుతుంది. క్రిమినల్ కేసు నడుస్తుంటే దారి మూసుకుపోయినట్టు కాదు. కేసు ఉన్న కోర్టులోనే విదేశాలకు వెళ్లేందుకు అనుమతి అడగవచ్చు. 1993లో ఇచ్చిన ఒక నోటిఫికేషన్ ప్రకారం కోర్టు ఉత్తర్వు ఉంటే పాస్‌పోర్ట్ ఇస్తారు. ఎన్నాళ్లకో ఉత్తర్వులో లేకపోతే ఏడాదికి ఇస్తారు. ముందు మీ లాయరును కలువు. ఇంట్లో నాన్నగారికి కూడా చెప్పు, ఒక్కడివే మోయకు.

అరిలోవ_అబ్బాయి
నాన్నకి తెలుసు మాస్టారూ. లాయర్‌ని ఈ వారం కలుస్తాం.

స్టీల్‌సిటీ_77
మధ్యలో నా ప్రశ్న. నేను స్టీల్ ప్లాంట్‌లో పర్మనెంట్. నాకూ ఇదే మొదటిసారి. కంపెనీ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే లెటర్) తేవాలా? మా సెక్షన్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు. అలాగే మా అత్తగారికి 63 ఏళ్లు, ఆవిడకీ తీద్దామని. బడికి వెళ్లలేదు, జనన ధృవీకరణ పత్రం లేదు.

డెక్‌క్యాడెట్_వైజాగ్
ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగి అయితే ఎన్‌వోసీ కోసం తిరగక్కర్లేదు అంకుల్. 'పాస్‌పోర్ట్‌కి దరఖాస్తు చేస్తున్నాను' అని మీ ఆఫీసుకి ముందస్తు సమాచారం ఇస్తూ లెటర్ పెడితే చాలు. అనెక్జర్ హెచ్ అని సైట్‌లో నమూనా ఉంటుంది. ఆఫీసులో ఇచ్చినట్టు కాపీ దగ్గర పెట్టుకోండి.

గాజువాక_గృహిణి
మా అమ్మకి తీశాం కాబట్టి అత్తగారి సంగతి నేను చెప్తా. పుట్టిన తేదీకి పాన్ కార్డు ఒప్పుకుంటారు. పాన్ లేకపోతే ముందు అది తీయించండి. ఆధార్‌లో పూర్తి తేదీ ఉందో, ఉత్త సంవత్సరమే ఉందో చూడండి. పాన్‌లో ఒక తేదీ, ఆధార్‌లో ఒక తేదీ ఉంటే వెళ్లకముందే సరిచేయించండి. 60 దాటినవాళ్లకి ఫీజులో పది శాతం తగ్గింపు, అంటే 1,350. చదువుకోనివాళ్లకి తోడుగా ఒకరిని లోపలికి రానిస్తారు. మా అమ్మ వేలిముద్రలకి కాస్త ఇబ్బంది పడింది, అంట్లు తోమి తోమి గీతలు అరిగిపోయాయి. అక్కడి అమ్మాయి ఓపిగ్గా మళ్లీ మళ్లీ తీసింది.

సోంపేట_టు_దుబాయ్
అత్తగారికి చదువు లేదు కాబట్టి పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి అని) పడుతుందని ఎవరో ఒకరు భయపెడతారు చూడండి. 50 దాటినవాళ్లకి పడదు.

కానీ ఈసీఆర్ గురించి ఇక్కడ కుర్రాళ్లకి గట్టిగా చెప్పాలి. పది పాసైనవాళ్లు టెన్త్ సర్టిఫికెట్ తప్పకుండా చూపించి నాన్ ఈసీఆర్ తీసుకోండి. ఈసీఆర్ ఉంటే సౌదీ, కువైట్, ఖతార్ లాంటి దేశాలకి పనికి వెళ్లే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. అది మన రక్షణకే పెట్టారు, తప్పు కాదు. బాధేంటంటే ఉద్దానం వైపు పది పాసైన పిల్లలు కూడా ఏజెంట్ నింపిన ఫారం మీద సంతకం పెట్టేసి ఈసీఆర్‌తో వస్తున్నారు. ఏజెంట్ ఎనిమిదో తరగతి అని రాసేస్తాడు, ఆ తర్వాత క్లియరెన్స్ పేరుతో మళ్లీ డబ్బులు గుంజుతాడు. పాస్‌పోర్ట్ తన దగ్గరే ఉంచుకుంటాడు. మీ ఫారం మీరే చదవండి. చదవడం రాకపోతే ఊళ్లో చదువుకున్న పిల్లతో చదివించుకోండి. పాస్‌పోర్ట్ ఏజెంట్ చేతిలో వదిలిపెట్టకండి.

సింహాద్రి_నాన్న
సోంపేట బాబు చెప్పింది అక్షరాలా నిజం. మా మేనల్లుడి పాస్‌పోర్ట్ ఇప్పటికీ ఒక ఏజెంట్ దగ్గరే ఉంది.

సోంపేట_టు_దుబాయ్
స్టేషన్‌లో కంప్లైంట్ ఇవ్వమనండి. పాస్‌పోర్ట్ ప్రభుత్వ ఆస్తి, ఇంకొకడు అట్టిపెట్టుకునే హక్కు లేదు. ఈరోజే వెళ్లమనండి.

పార్వతీపురం_పిల్ల
ఫారం నింపేశాను! సర్‌నేమ్, గివెన్ నేమ్ రెండూ రాశాను, హాస్టల్ అడ్రస్, పీఎం పాలెం స్టేషన్. ఫీజు కట్టి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. లోపల ఏం జరుగుతుందో ఎవరైనా చెప్పరా? మర్రిపాలెం ఆఫీసుకేనా వెళ్లాలి?

ఉప్పుగాలి
రసీదు మీద ఏ కేంద్రం పేరు, ఏ అడ్రస్ ఉందో అక్కడికే. మర్రిపాలెంలోది ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం. ఫైలు మధ్యలో ఆగితే ఎంక్వైరీకి వెళ్లాల్సింది దానికి. ఆటో అబ్బాయిలు పాస్‌పోర్ట్ అనగానే తమకి తెలిసిన చోటికి తీసుకెళ్లిపోతారు, అడ్రస్ చూపించి ఎక్కు.

డెక్‌క్యాడెట్_వైజాగ్
టైమ్‌కి పావుగంట ముందు చాలు. తెల్లవారుజామున వెళ్లి కూర్చున్నా నీ స్లాట్ రాకుండా పిలవరు. టోకెన్ ఇస్తారు. మొదట 'ఏ' (A) కౌంటర్: టీసీఎస్ వాళ్లు కాగితాలు స్కాన్ చేసి, ఫొటో, వేలిముద్రలు తీస్తారు. తర్వాత బీ, సీ కౌంటర్లు, అక్కడ పాస్‌పోర్ట్ ఆఫీసు ఉద్యోగులు ఒరిజినల్స్ చూసి నిర్ణయం తీసుకుంటారు.

ఆ 'ఏ' (A) కౌంటర్ దగ్గర నీ వివరాలు స్క్రీన్ మీద చూపిస్తారు. అక్కడ సిగ్గుపడకుండా, వెనకాల లైన్ ఉందని తొందరపడకుండా, ఒక్కో అక్షరం చదువు. పేరు, నాన్న పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ, పిన్‌కోడ్. తప్పుంటే అక్కడికక్కడే మార్చేస్తారు. ప్రింటయ్యాక మార్చాలంటే మళ్లీ ఫీజు, మళ్లీ అపాయింట్‌మెంట్. బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే కాగితం మీద ఫైల్ నంబర్ ఉంటుంది, దాంతోనే ట్రాక్ చేసుకోవాలి.

గాజువాక_గృహిణి
తెల్ల డ్రెస్ వేసుకోకమ్మా. ఫొటో వెనక తెల్లగా ఉంటుంది, అందులో కలిసిపోతావు. మెమో, ఆధార్, పాన్, పాస్‌బుక్, బోనఫైడ్ అన్నీ ఒరిజినల్స్, జిరాక్స్‌లు ఇంటి దగ్గరే తీసి పెట్టుకో. డిజిలాకర్‌లో ఉన్నా సరే కాగితాలు పట్టుకెళ్లు.

అరిలోవ_అబ్బాయి
ఫొటోలో నవ్వొచ్చా?

డెక్‌క్యాడెట్_వైజాగ్
నవ్వనివ్వరు తమ్ముడూ. మా బ్యాచ్‌లో ఒకడు ఆపుకోలేక పళ్లు బయటపెడుతుంటే కౌంటర్‌లో మేడమ్ కూడా నవ్వేసింది. తర్వాత ఇద్దరూ సీరియస్ అయ్యాకే ఫొటో.

సింహాద్రి_నాన్న
ఆ రోజు అమ్మాయికి ఇంటర్నల్ పరీక్ష పడితే?

ఉప్పుగాలి
తేదీ మార్చుకోవచ్చు, మూడుసార్ల దాకా. కట్టిన ఫీజు ఏడాది వరకు చెల్లుతుంది.

తత్కాల్_కావాలి
ఇది అంతా చదివాను. నాకు తొందరగా కావాలి. తత్కాల్‌లో పోలీసులు అస్సలు రారా?

సోంపేట_టు_దుబాయ్
వస్తారు, చాలావరకు పాస్‌పోర్ట్ చేతికొచ్చాక వస్తారు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది ఆఫీసు ఇష్టం. మొత్తం 3,500. ఆధార్, పాన్, ఓటర్ కార్డు లాంటి వాటిలో మూడు చూపించాలి, మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండాలి. పేర్లలో తేడాలుంటే తత్కాల్ జోలికి పోకు, మామూలుది పెట్టుకో. అక్కడ డబ్బు ఎక్కువ కట్టినా పేరు తేడాకి మినహాయింపు లేదు.

గోపాలపట్నం_అమ్మ
మా పాపకి మూడేళ్లు. తమ్ముడు సింగపూర్‌లో ఉన్నాడు, వేసవిలో వెళ్దామని. పాపకి కూడా వేలిముద్రలు తీస్తారా? నాకూ మావారికీ పాస్‌పోర్ట్‌లు ఉన్నాయి.

గాజువాక_గృహిణి
ఇంత చిన్నపిల్లలకి ఫొటో మనమే పట్టుకెళ్లాలి, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో, 4.5 బై 3.5 సెంటీమీటర్లు. మైనర్‌కి ఫీజు 1,000, ఎనిమిదేళ్లలోపు కాబట్టి పది శాతం తగ్గి 900. మీరిద్దరూ అనెక్జర్ డీ (తల్లిదండ్రుల డిక్లరేషన్) మీద సంతకాలు పెట్టాలి. మీ ఇద్దరి పాస్‌పోర్ట్‌లు ఒరిజినల్స్, జిరాక్స్‌లు తీసుకెళ్లండి. ఐదేళ్లకే ఇస్తారు. పాప పుట్టిన తేదీ 2023 అక్టోబర్ 1కి ముందా తర్వాతా? ఆ రోజునుంచి పుట్టిన పిల్లలకి జనన ధృవీకరణ పత్రం తప్ప ఇంకేదీ ఒప్పుకోరు.

గోపాలపట్నం_అమ్మ
ముందే పుట్టింది. జీవీఎంసీ (వైజాగ్ కార్పొరేషన్) సర్టిఫికెట్ ఉంది, కానీ అందులో పాప పేరు లేదు, 'బేబీ ఆఫ్' అని నా పేరు ఉంది.

రిటైర్డ్_హెచ్చెమ్
అయితే ముందు జీవీఎంసీలో పాప పేరు చేర్పించి కొత్త సర్టిఫికెట్ తీసుకోండమ్మా. పేరుతోపాటు ఇంటిపేరు కూడా పూర్తిగా రాయించండి, పొడి అక్షరం పెట్టనివ్వకండి. మీ పాస్‌పోర్ట్‌లలో ఇంటిపేరు ఏ స్పెల్లింగ్‌తో ఉందో కాగితం మీద రాసి కౌంటర్‌లో ఇవ్వండి. అది చేతికి వచ్చాకే పాస్‌పోర్ట్ ఫారం తెరవండి.